ఎవరికి తెలియని చోట్లు?

ఉష్ణమండల ద్వీపాల విహారాన్ని గురించి రాసేవారిలో చాలాకాలంగా ఒక ధోరణి స్థిరపడి ఉంది. బాలికో, అండమాన్‌కో, మాల్దీవులకో వెళ్లినవాడు అందరూ చూసే తీరాన్ని వదిలి, జనసంచారం లేని ఇసుకతిన్నెనో, మ్యాపులో పేరు లేని పల్లెనో వెతుక్కుంటూ పోతే తప్ప ఆ ద్వీపాన్ని చూసినట్టు కాదని వారు చెబుతారు. సముద్రమే లేని ఖమ్మం, భద్రాచలం అడవి సరిహద్దుకు కూడా ఈ ధోరణి కొంతకాలంగా పాకింది. భద్రాద్రి రాముణ్ణి దర్శించుకొని తిరుగు బస్సు ఎక్కేవారి కోసం కిన్నెరసాని జలాశయం మధ్యలోని దీవులను, గుండాల వేడినీటి ఊటలను, వాజేడు, వెంకటాపురం అడవుల్లోని జలపాతాలను, పాపికొండల నడుమ ఉన్న కొండరెడ్ల పల్లెలను ‘ఎవరికీ తెలియని’, ‘మరుగున పడిన’ అనే విశేషణాలతో పరిచయం చేసే వ్యాసాలు, వీడియోలు ఏటా తొలకరి పడగానే మొదలవుతున్నాయి. వీటన్నిటి వెనుక ఉన్న వాదం ఒక్కటే. ఈ చోట్లకు లేనిది ప్రచారం మాత్రమేనని, ఆ లోటు తీరితే పర్యాటకులు వస్తారని, వారితో వచ్చే డబ్బుతో గిరిజన గూడేలు బాగుపడతాయని, పేరు తెచ్చుకున్న చోటిని పాడుచేయడానికి ఎవరూ సాహసించరు కనుక అడవి కూడా దక్కుతుందని ఆ వాదం సారాంశం.

ఈ మాట అనేవారిలో చాలామంది సదుద్దేశం కలవారే. ప్రభుత్వ పర్యాటక సంస్థలు, పత్రికల ఆదివారం అనుబంధాలు, ఓట్లు అడిగే నాయకులు, చివరకు ఏజెన్సీలోనే పుట్టి పెరిగిన యువకులు కొందరు దీన్ని ఎదురు ప్రశ్న లేకుండా ఒప్పుకుంటున్నారు. అంతమంది ఒప్పుకున్నందువల్లనే దీన్ని మొదటి మాట నుంచి పరిశీలించవలసి వస్తోంది.

ఆ మొదటి మాటే నిలవదు. పర్యాటక రచనలు తెలియనివిగా చూపుతున్న చోట్లలో నూటయాభై ఏళ్లుగా రాతలోకి ఎక్కనిది దొరకడం కష్టం. మధ్య భారతపు పత్తిని గోదావరి మీదుగా కోస్తాకు చేరవేయాలన్న ఆలోచనతో ఆర్థర్ కాటన్ ప్రోద్బలం మీద 19వ శతాబ్ది మధ్యలో ఎగువ గోదావరి నౌకాయాన పథకం నడిచింది. పడవలు దాటలేని రాతి పరుపులు నదికి అడ్డంగా ఉన్న తావులను ఆ ఇంజనీర్లు బారియర్లని పిలిచి, వాటిలో మొదటిదైన దుమ్ముగూడెం దగ్గర ఆనకట్టను, పడవను ఒక నీటిమట్టం నుంచి మరొక మట్టానికి దించే లాకులను కట్టించారు. 1871లో పథకాన్ని వదిలేశారు కాని, దుమ్ముగూడెంలో స్థిరపడిన మిషనరీ జాన్ కెయిన్ 1876 నుంచి ‘ఇండియన్ యాంటిక్వరీ’ అనే పరిశోధన పత్రికలో భద్రాచలం, రేకపల్లి తాలూకాల భూస్వరూపాన్ని, కోయల ఆచారాలను గురించి విడతలుగా రాస్తూ వచ్చాడు. ఆ తాలూకాలు రెండూ 1874లో మద్రాసు పాలన కిందికి వచ్చి, పోడు మీద, అంటే కొండవాలులో చెట్లు కొట్టి కాల్చి చేసే సేద్యం మీద, పన్ను పెరిగాక 1879 నాటి రంప తిరుగుబాటు రేకపల్లికి కూడా పాకడంతో, అక్కడి దారులు, కనుమలు, గూడేలు ప్రభుత్వ దస్తావేజులకు ఎక్కాయి. పాపికొండల వెంట ఉన్న కొండరెడ్ల జీవితం మీద క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త 1941లో అక్కడ ఉండి పరిశోధించి, ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ అనే పెద్ద గ్రంథాన్ని 1945లో ప్రచురించాడు. పినపాక మండలం జానంపేట చుట్టూ ఉన్న రాక్షసగుళ్లు, అంటే రాతి పలకలను గదుల్లా నిలబెట్టి కట్టిన ప్రాచీన సమాధులు, పురావస్తు శాస్త్రవేత్తలకు తరాలుగా పరిచితమైనవి. కిన్నెరసాని విషయానికి వస్తే, ఆనకట్ట లేచి జలాశయం ఏర్పడడానికి చాలా ముందే విశ్వనాథ సత్యనారాయణ ఆ వాగును కథానాయికను చేసి ‘కిన్నెరసాని పాటలు’ రాశారు. తెలుగు చదువుకున్నవారికి ఆ పేరు కొత్తదని ఎవరైనా అంటే ఆశ్చర్యపోవలసిందే.

ఇవన్నీ బయటివారి రాతలు కనుక చిన్న సాక్ష్యాలే. ఆ చోట్లలో బతికేవారికి అవి ఎంత తెలుసు అన్నది అసలు ప్రశ్న. కోయల ఇలవేల్పుల కథలను, ఏ గట్టు ఏ వంశానిది, ఏ వేల్పు ఎక్కడి నుంచి ఎక్కడికి నడిచి వచ్చాడు అన్న వివరాలతో సహా, పాటగా చెప్పే డోలీలు అనే కథకులు ఉన్నారు. వేల్పుల వృత్తాంతాన్ని బొమ్మలుగా కుట్టిన గుడ్డ జెండాను పడిగె అంటారు, దాన్ని ముందు పెట్టుకొని కథ సాగుతుంది. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య ఈ సంప్రదాయంలోని కంచుమేళం, కంచుతాళం కళలో ఆరితేరినవాడు; ఆయనకు 2022లో పద్మశ్రీ లభించింది, 2024లో ఆయన కన్నుమూశారు. అటువంటివారి నోట ఉన్న స్థలజ్ఞానాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఒక జలపాతాన్ని ఫలానా సంవత్సరం ఫలానావారు ‘వెలుగులోకి తెచ్చార’ని రాయడం, ఇంట్లో మనుషులు ఉండగానే ఆ ఇల్లు ఖాళీగా ఉందని ప్రకటన వేయడం వంటిది. ప్రకటన చదివి వచ్చినవాడు తలుపు తట్టకుండా లోపలికి నడవడంలో ఆశ్చర్యమేమీ లేదు.

మొదట్లో దీవుల మాట వచ్చింది కనుక కిన్నెరసాని దగ్గర ఒక క్షణం ఆగడం మంచిది. పాల్వంచ థర్మల్ విద్యుత్ కేంద్రానికి నీళ్లు అందించడానికి 1960లలో యానంబైలు దగ్గర వాగుకు అడ్డంగా ఆనకట్ట కట్టారు. నీరు పైకి ఎక్కినప్పుడు మునగకుండా మిగిలిన గుట్టల కొసలే ఇప్పుడు పడవ ఎక్కినవారికి దీవులుగా కనిపిస్తున్నాయి. చుట్టూ ఉన్న 635 చదరపు కిలోమీటర్ల అడవిని 1977లో అభయారణ్యంగా ప్రకటించారు. జలాశయంలో మొసళ్లు ఉన్నాయి, గట్టున జింకల పార్కు ఉంది, పర్యాటక శాఖ బోట్లు తిరుగుతున్నాయి. ఇంత ప్రభుత్వ యంత్రాంగం అరవై ఏళ్లుగా పనిచేస్తున్న చోటు ‘చిన్న అండమాన్’ అనీ, ఎవరి కంటా పడని నిధి అనీ వర్ణనకు ఎక్కుతోంది. ఒక విద్యుత్ కేంద్రం కోసం మనుషులు తయారుచేసిన నీటిగుంటను ప్రకృతి దాచిపెట్టిన రహస్యంగా చూపించగలిగినప్పుడు ఈ రచనా పద్ధతికి వాస్తవంతో ఎంత పని ఉందో తెలుస్తూనే ఉంది. వాజేడు మండలంలోని బొగత జలపాతానికి ‘తెలంగాణ నయాగరా’ అనే బిరుదు తగిలించడం కూడా ఈ కోవలోనిదే. ఆ పేరుతో బొగతకు ఒరిగిందేమిటో నయాగరాకే తెలియాలి.

గుండాలను గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. భద్రాచలానికి ఐదారు కిలోమీటర్ల దూరంలో గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీళ్లు ఊరతాయి. చలికాలంలో త్రిమూర్తులు వచ్చి అక్కడ స్నానం చేస్తారని భక్తుల నమ్మకం. గోదావరి లోయ భూమి పొరలు పగిలి, కుంగి ఏర్పడినది. బొగ్గు పొరలు ఉన్నది కూడా ఇందులోనే. ఆ పగుళ్ల గుండా లోతుకు ఇంకిన నీరు వేడెక్కి తిరిగి పైకి వస్తుంది. మణుగూరు దగ్గర పగిడేరులో బొగ్గు అన్వేషణకు వేసిన బోరు నుంచి వేడినీరు ఉబికి వస్తుండగా, దాని ఆధారంగా సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల చిన్న భూతాప విద్యుత్ కేంద్రాన్ని ప్రయోగాత్మకంగా నెలకొల్పింది. అంటే ఒకే వేడినీటికి భక్తుడి కథ ఒకటి, భూగర్భ శాస్త్రవేత్త కథ ఒకటి, బొగ్గు కంపెనీ కథ ఇంకొకటి ఉన్నాయి. ఇన్ని విధాలుగా తెలిసిన చోటును తెలియనిదిగా పరిచయం చేసినప్పుడు పాఠకుడికి దక్కేది కొత్త విషయం కాదు, ఉన్న విషయాల్లో కోత.

రెండో మాట మరింత ప్రమాదకరమైనది. ఈ చోట్లకు జనం రాకపోవడానికి అజ్ఞానమే కారణమని ప్రచారకులు అనుకుంటారు. వాస్తవంలో చాలా చోట్లకు జనం రాకపోవడానికి గట్టి కారణాలు ఉన్నాయి, ఆ కారణాలన్నీ స్థానికులకు తెలుసు. ఇక్కడి జలపాతాలు చూడముచ్చటగా ఉండేది జూలై నుంచి సెప్టెంబరు దాకా; సరిగ్గా ఆ నెలల్లోనే వాగులు పొంగి గూడేలకు దారి తెగిపోతుంది, గర్భిణిని మంచం మీదో డోలీ కట్టో వాగు దాటించవలసిన పరిస్థితి వస్తుంది. భద్రాచలం వంతెన దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది జారీ చేస్తారు. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు లేచింది. ఫొటోలో జలపాతానికి అందం తెచ్చే వాన అదే రోజు అంబులెన్సును వాగు అవతల ఆపేస్తుందన్న సంగతి యాత్రా వ్యాసాల్లో ఎక్కడా కనిపించదు.

2023 జూలై 26న ములుగు జిల్లా వెంకటాపురం మండలంలోని ముత్యంధార జలపాతం చూడడానికి వెళ్లిన పదుల మంది పర్యాటకులు, తిరుగు దారిలో వాగు పొంగడంతో అడవిలో చిక్కుకుపోయి, రాత్రివేళ విపత్తు సహాయక దళాలు వచ్చి బయటికి తెస్తే బతికారు. బొగతలో నీటి ఉద్ధృతి పెరిగినప్పుడల్లా అటవీ శాఖ స్నానాలను, ఒక్కోసారి సందర్శననే నిలిపివేయవలసి వస్తోంది. గోదావరి మీద జరిగినది వీటికి అందనంత పెద్దది. 2019 సెప్టెంబరు 15న, నదిలో వరద ప్రవాహం ఉన్నప్పుడు గండి పోచమ్మ గుడి దగ్గర నుంచి పాపికొండలకు బయలుదేరిన రాయల్ వశిష్ఠ అనే బోటు కచ్చులూరు దగ్గర సుడిలో మునిగిపోయింది. అందులో ఉన్న 77 మందిలో బతికి బయటపడినవారు 26 మంది. నెల రోజులకు పైగా నది అడుగున ఉన్న ఆ బోటును కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం పైకి లాగింది. ఆ 26 మందిని మొదట ఆదుకున్నవారు కచ్చులూరు పరిసరాల గిరిజనులు, తమ చిన్న పడవలతో. నది ఎక్కడ సుడి తిరుగుతుందో, ఎప్పుడు పడవ దించకూడదో తెలిసినవారు ఒడ్డున ఉన్నారు. తెలియనివారి చేతిలో టికెట్లు ఉన్నాయి. ప్రచారం వల్ల జ్ఞానం పెరుగుతుందనే సిద్ధాంతానికి ఇంతకన్నా స్పష్టమైన ఖండన అక్కరలేదు.

ఆ దుర్ఘటనకు పదహారు నెలల ముందు జరిగిన మరొక దుర్ఘటన పర్యాటక చరిత్రలో కనిపించదు. 2018 మే 15న కొండమొదలు వైపు నుంచి వస్తున్న లాంచీ మంటూరు దగ్గర గాలివానకు మునిగి, ఇరవై మంది దాకా మరణించారు. వారు విహారానికి వచ్చినవారు కారు. సంతకో, ఆస్పత్రికో, బంధువుల ఇంటికో పోయి తిరిగే పల్లెవాసులు. పాపికొండల మధ్య ఊళ్లకు చాలాకాలంగా రోడ్డు లేదు, లాంచీయే వారి బస్సు. పర్యాటకుడికి ‘సాహస యాత్ర’గా అమ్ముడుపోతున్నది అక్కడి మనిషికి నిత్యావసరమైన దారి అన్న మాటను ఒక్క వాక్యంలోనైనా చెప్పిన యాత్రా వ్యాసం అరుదు.

దీనికి తోడు సరిహద్దు చిక్కు ఉంది. 1959 దాకా తూర్పు గోదావరిలో ఉన్న భద్రాచలం ప్రాంతం ఆ ఏడాది ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు గోదావరి మీది పోలవరం ప్రాజెక్టు ముంపు పేరుతో చింతూరు, కూనవరం, వర రామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు పూర్తిగా, భద్రాచలం పట్టణం మినహా ఆ మండలంలోని గ్రామాలు, బూర్గంపాడు మండలంలో కొంత భాగం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. ఫలితంగా గుడి తెలంగాణలో, గుడికి ఆనుకొని ఉన్న ఎటపాక, గుండాల ఆంధ్రప్రదేశ్‌లో, వాటిని దాటి పోవలసిన పర్ణశాల మళ్లీ తెలంగాణలో ఉన్నాయి. భద్రాచలంలో టికెట్ కొన్న యాత్రికుడు పాపికొండల లాంచీ ఎక్కే పోచవరం రేవు ఆంధ్రప్రదేశ్‌లోది. ఒక్క రోజు యాత్రలో రెండు ప్రభుత్వాలు, రెండు అటవీ శాఖలు, రెండు పోలీసు వ్యవస్థలు పాలుపంచుకుంటున్నాయి. ప్రమాదం జరిగినప్పుడు బాధ్యత మాత్రం ఈ రెంటి నడుమ ఎటూ తేలని స్థితిలో పడుతుంది. ప్రచారకులు ఈ అడవిని ఒకే అందమైన చిత్రంగా చూపుతారు కాని, అక్కడ నివసించే కోయ కుటుంబానికి రేషన్ కార్డు నుంచి కుల ధ్రువపత్రం దాకా ఆ గీత అడుగడుగునా అడ్డం వస్తూనే ఉంది.

ఇక జీవనోపాధి వాదం. దీన్ని పూర్తిగా కొట్టిపారేయడం న్యాయం కాదు. పేరంటాలపల్లిలో రామకృష్ణ మునివాటం అనే ఆశ్రమం, శివాలయం చూడడానికి లాంచీలు ఆగినప్పుడు కొండరెడ్లు వెదురుతో చేసిన పూలు, బుట్టలు అమ్ముకుంటారు. కొల్లూరు ఇసుక తిన్నెల మీద వేసిన వెదురు గుడిసెల్లో వంట, కాపలా పనులు కొందరికి దొరికాయి. అయితే ఆ డబ్బులో పెద్ద వాటా లాంచీ యజమానికి, పట్టణంలోని లాడ్జికి, ప్యాకేజీ అమ్మిన ట్రావెల్స్‌వారికి పోతుందని, వెదురు పువ్వుకు చేసే బేరం ఆ తర్వాతే మొదలవుతుందని లాంచీ ఎక్కిన ఎవరికైనా కనిపిస్తుంది. దీని వెనుక ఒక చట్టపు కథ ఉంది. ఏజెన్సీలో, అంటే రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికి వచ్చే ప్రాంతంలో, భూమిని గిరిజనేతరులకు బదలాయించడాన్ని నిషేధించే 1959 నాటి నిబంధనలను 1970లో మరింత కఠినం చేశారు. 1/70 చట్టం అని జనం పిలిచేది దీన్నే. ఆ ప్రకారం అక్కడ భూమి గిరిజనుల చేతుల్లోనే ఉండాలి. పర్యాటకం పెరిగిన చోటల్లా భూమి విలువ పెరుగుతుంది, విలువ పెరిగిన చోట బినామీ, అంటే గిరిజనుడి పేరు మీద వేరొకడు నడిపే వ్యాపారం, తలెత్తుతుంది. ఉపాధి పేరుతో వచ్చినది చివరకు భూమికే ఎసరు పెట్టే ప్రమాదాన్ని ప్రచారకులు లెక్కించరు.

మారేడుమిల్లి దగ్గర వాలమూరులో వన సంరక్షణ సమితి నడిపే ‘జంగిల్ స్టార్’ విడిదిని ఈ చర్చలో ఆదర్శంగా తరచు చూపుతారు. గ్రామస్థులే నిర్వహించి, ఆదాయం పంచుకునే ఏర్పాటుగా అది బయటి కాంట్రాక్టరు పద్ధతి కన్నా మేలైనదే. అయినా వన సంరక్షణ సమితి అనేది అటవీ శాఖ కనుసన్నలలో నడిచే సంఘం. 1996 నాటి పీసా చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం గుర్తించినది గ్రామసభను. ఊరి ఓటర్లందరూ కూర్చొని తీర్మానించే గ్రామసభకు తన హద్దుల్లోని అడవిని కాపాడుకొనే, నిర్వహించుకొనే హక్కును అటవీ హక్కుల చట్టం ఇచ్చింది. కొండరెడ్ల వంటి అత్యంత బలహీన గిరిజన సముదాయాలకైతే తమ సంప్రదాయ ఆవాస ప్రాంతం మొత్తం మీద హక్కు కోరే వీలు ప్రత్యేకంగా కల్పించింది. ఏ జలపాతాన్ని తెరవాలో, ఏ నెలలో మూయాలో నిర్ణయించే అధికారాన్ని చట్టం ఎవరికి ఇచ్చిందో ప్రచార వ్యాసాలకు తెలియకపోతే అది పాఠకుడి అజ్ఞానం కాదు, రచయితది.

మిగిలినది అన్నిటికన్నా ఆకర్షణీయమైన వాదం: పేరు తెచ్చుకున్న చోటు నాశనం కాదు. పాపికొండలే దీనికి జవాబు. గోదావరి మీద పడవ ప్రయాణాన్నే కథగా చేసుకొని బాపు తీసిన ‘అందాల రాముడు’ 1973లో, శేఖర్ కమ్ముల తీసిన ‘గోదావరి’ 2006లో విడుదలయ్యాయి. ఆ కొండల మధ్య నది మలుపు తెలుగువారి కళ్లకు ఇంటి గడప అంత పరిచితం. తెలుగు నేలలో అంతకన్నా ఎక్కువ కీర్తి పొందిన ప్రకృతి దృశ్యాలు కొన్నే ఉంటాయి. అయినా పోలవరం జలాశయానికి 45.72 మీటర్ల, అంటే 150 అడుగుల, నీటిమట్టం నిర్ణయించి, లక్షకు పైగా కుటుంబాలను కదిలించవలసిన ముంపును ఆమోదించినప్పుడు ఆ కీర్తి ఒక్క ఊరినీ ఆపలేకపోయింది. పోలవరానికి పర్యావరణ అనుమతి 2005లో వచ్చింది, ‘గోదావరి’ సినిమా ఆ మరుసటి ఏడాది ఆడింది, పాపికొండల అడవిని జాతీయ ఉద్యానవనంగా 2008లో ప్రకటించారు. మూడూ ఒకదాని పక్కన ఒకటి ఎటువంటి ఇబ్బందీ లేకుండా సాగిపోయాయి. దృశ్యాన్ని ప్రేమించినవారు దృశ్యం కోసం బాధపడ్డారు, ‘మునిగేలోగా ఒకసారి చూసి రావాలి’ అనే ప్రకటనలతో లాంచీ టికెట్లు మరిన్ని అమ్ముడుపోయాయి; నిర్వాసితుల పునరావాస ప్యాకేజీ గురించి ఆ లాంచీల్లో చర్చ జరిగిన దాఖలా లేదు. కీర్తి కాపాడేది కొండ బొమ్మను, కొండ మీది మనిషిని కాదు.

బయటి ప్రపంచంలోని ద్వీపాల అనుభవం కూడా దీనికి భిన్నంగా లేదు. రహస్యమైన ఒక సముద్రతీరాన్ని వెతుక్కుంటూ పోయే యువకుల కథతో ‘ది బీచ్’ అనే హాలీవుడ్ చిత్రం 2000లో వచ్చింది. దాన్ని చిత్రీకరించిన థాయిలాండ్‌లోని మాయా బే ఆ తర్వాత రోజుకు వేలమంది తాకిడికి గురై, పగడపు దిబ్బలు దెబ్బతిని, 2018లో ప్రభుత్వమే మూసివేసి 2022 జనవరిలో కట్టుబాట్లతో తిరిగి తెరిచే దాకా వచ్చింది. అండమాన్‌లో జరావా తెగ అడవి గుండా వేసిన రోడ్డు మీద పర్యాటకుల వాహనాలు ఆగి, తిండి ఆశ చూపి జరావా స్త్రీలచేత నృత్యం చేయించిన దృశ్యాలు 2012లో బయటపడి దేశం తలదించుకోవలసి వచ్చింది. కొండరెడ్లు, కోయలు జరావాల వలె బయటి ప్రపంచానికి దూరంగా ఉన్నవారు కారు, వారు చదువుకుంటున్నారు, ఎన్నికల్లో పోటీ చేస్తున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. అయినా పెళ్లికీ పండుగకూ ఆడవలసిన కొమ్ము నృత్యాన్ని, తలకు కొమ్ముల కిరీటం కట్టుకొని ఆడే ఆ కోయ నృత్యాన్ని, మంత్రి వచ్చినా టూరిస్టు బస్సు వచ్చినా ఆడించే అలవాటు జరావాల రోడ్డుకు మరీ దూరమైనది కాదు. ఆడేవారికి కూలి దొరుకుతుంది, అది నిజం. ఎప్పుడు ఆడాలన్న నిర్ణయం వారి చేతిలో లేదన్నది కూడా నిజం.

ఇంత విన్నాక ఒక ఆక్షేపణ తప్పక వస్తుంది: అయితే అడవికి గేటు వేసి, గిరిజనులను బయటి ప్రపంచం కంటపడకుండా ఉంచాలా? ఈ ప్రశ్నలో ఉన్న బెదిరింపు మేడారం ముందు నిలవదు. రెండేళ్లకు ఒకసారి తాడ్వాయి అడవిలో జరిగే సమ్మక్క సారలమ్మ జాతరకు కోటికి అటూ ఇటూగా జనం వస్తారు. ఆ జాతర తేదీలను నిర్ణయించేది కోయ పూజారులు, సమ్మక్కను చిలకలగుట్ట మీది నుంచి ఎప్పుడు దించాలో వారికే తెలుసు, ఆ క్షణం దాకా ముఖ్యమంత్రి అయినా వేచి ఉండవలసిందే. జాతరలో చెత్త, ప్లాస్టిక్, తొక్కిడి లేవని ఎవరూ అనరు. ప్రభుత్వ పెత్తనం ఏటేటా పెరుగుతోందన్న ఫిర్యాదు కూడా ఉంది. అయినా కోటి మందిని ఆహ్వానించి, ఎక్కడి దాకా రావచ్చో, ఎక్కడ ఆగాలో చెప్పగల సామర్థ్యం ఈ అడవి ప్రజలకు ఉందని మేడారం రుజువు చేస్తోంది. కనుక తెరవాలా, మూయాలా అన్నది ప్రశ్న కాదు. ఎవరు తెరుస్తారు అన్నది ప్రశ్న.

ఈ సరిహద్దును గురించి రాసేవారు చేయవలసిన పనులు పెద్దవేమీ కావు. ఒక వాగునో జలపాతాన్నో పేరుపెట్టి, దారి చెప్పి అచ్చువేసే ముందు అది ఏ గ్రామసభ హద్దులో ఉందో తెలుసుకొని, ఆ సభ అనుమతి అడగాలి, వద్దంటే రాయకూడదు. ఏ నెలల్లో వెళ్లకూడదో వ్యాసం మొదట్లోనే చెప్పాలి. అభయారణ్యంలో అడుగుపెట్టడానికి వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి కావాలని స్పష్టంగా రాయాలి. లాంచీ ఎక్కేవాడికి నది ఏ మట్టంలో ఉన్నప్పుడు ప్రయాణం మానుకోవాలో చెప్పాలి, ఆ లాంచీ ఆగే ఊరు పోలవరం ముంపులో ఉందో లేదో చెప్పాలి, ఆ ఊరివారికి పునరావాసం అందిందో లేదో కనుక్కొని చెప్పాలి. ఇన్ని చేశాక కూడా రాయదగినది మిగిలితే రాయవచ్చు. చేయడానికి తీరిక లేనివారు ‘ఎవరికీ తెలియని’ అనే మాటను కనీసం ఈ అడవి మీద వాడడం మానుకోవాలి. పాఠకులు కూడా ఆ మాటతో మొదలైన వ్యాసాన్ని నమ్మి వానాకాలంలో వాగు దాటకూడదు.